అతుకు

కాజీపేట చౌరస్తాల నా దుకాణం.
టేపురికార్డర్లు పోయినయి, డబ్బా టీవీలు పోయినయి,
ఇప్పుడు ఫోన్ల అద్దాలు మారుస్తున్న.
అటుక మీది ఒక్క అట్టపెట్టె మాత్రం
ఎవ్వలను ముట్టనియ్య.

ఫాతిమానగర్ ఫాదర్ బెర్తోల్దో
తొంభై నాలుగుల తెచ్చిచ్చిండు, హెడ్డు అరిగిన రికార్డరు,
దాంతోని పదకొండు క్యాసెట్లు.
"ఇవి పాడితేనే అది బాగైనట్టు" అన్నడు.
చీటీ కట్టిన: నంబరు రెండువందల పదహారు, చార్జి నలభై.
ఆయనకు ఎటో బదిలీ అయింది. మల్ల రాలే.

పేర్లు చెదలు తిన్నయి. ఉన్నా ఆ భాష నాకు రాదు.
స్కెచ్ పెన్నుతోని నేనే పెట్టుకున్న.

"దగ్గు". అండ్ల ఒకామె సచ్చిపోతది.
పన్నెండు నిమిషాలు పాడి, ఊపిరి కూడదీసుకొని,
మల్ల మూడు నిమిషాలు పాడి.
పక్క పంక్చర్ల కొట్టు జంగిలి నవ్విండు:
"సచ్చేటామెకు గంత దమ్మేడిదిరా?"
నేనన్న, మన చిందోళ్ల ఆటల
బాణం తగిలినోడు లేచి, దరువుకు అడుగేసి
తన పద్యం తను పాడుకోడా?
చెప్పాల్సింది నోట్లనే పెట్టుకొని పోయినోళ్లను
ఎంజీఎం వార్డులల్ల మస్తు చూసినం.
ఒక్కలకన్న ఆ పదిహేను నిమిషాలు దొరకనియ్యి.
జంగిలి పానా కింద పెట్టిండు.
రెండో దిక్కు తిప్పమన్నడు.

"నాలుగు లైన్లు". ఇద్దరు ఆడోళ్లు, ఇద్దరు మొగోళ్లు,
ఒకలు నోరు తెరవంగనే ఇంకొకలు,
ఎవ్వల మాట ఎవ్వలు ఇనరు.
మా వాడల గట్లైతే కుర్చీలు లేస్తయి.
అర్ధరాత్రి జంక్షన్ల
బల్లార్ష బండి, డోర్నకల్ బండి, సికింద్రాబాదు బండి,
షెడ్డు కాడ షంటింగు ఇంజను
ఒక్కపారే కూతేస్తయి.
పట్టాలు ఒకదాన్నొకటి కోసుకుంటయి గని
బండ్లు గుద్దుకోవు సూడు,
గట్ల.

"ముసలి పెండ్లికొడుకు"ల అందరు నవ్వుతరు.
ఏం జోకో తెల్వదు.
వాళ్లు నవ్విన కాడ నేను గుడ నవ్వుత,
ముప్పై ఏండ్ల సంది అదే జోకుకు.

నచ్చనియి గుడ ఉన్నయి.
ఒకదాంట్ల బాకాలు మోగుడే మోగుడు,
పాడేటాయనకు ఇల్లు లేదా అనిపిస్తది.

నా పానమంత తొమ్మిదో నంబరు మీద.
దానికి పేరు పెట్టలే.
ఒక పిల్ల గొంతు. మెల్లగ మొదలైతది,
ఎవ్వలనో పిలుస్తున్నట్టు, దొరకనోళ్లను.
ఎక్కుతది, ఎక్కుతది,
మెట్టుగుట్ట మీద రాయి మీద రాయి నిలబడ్డట్టు
ఇగ పడ్తదేమో అనుకున్న కాడ నిలబడ్తది.

ఒక ముసురు రాత్రి కరెంటు డిమ్మై
రోలరు ఆ రీలును నమిలింది.
నలిగిన ముక్క కత్తిరించి, సెల్లో టేపుతోని అతికిన.
అప్పటి సంది ఆ పిల్ల కొస దాక పోతది,
టుక్కు.
ఆ తర్వాత ఊరంత ఏడుస్తున్నట్టు మంది గొంతులు.

మొన్న ఎండకాలం నిట్ల చదివే పిల్ల వచ్చింది,
ఫోను పలిగి. నా టేపు ఇని
"ఇది నాకు తెలుసంకుల్" అన్నది.
అద్దం వేసినంక మొత్తం పాట ఇనిపించింది,
పోయిన ఇరవై సెకన్లతోని సహ.

ఆ పిల్ల కిందికి దిగింది.
మంచిగనే దిగింది, ఒక్కో మెట్టు, తొందర లేకుండ.
నాకెందుకో ఇంట్ల సామాను ఎవ్వలో జరిపినట్టైంది.
కథ గుడ చెప్పబోయింది. ఆగు బిడ్డా అన్న.
అద్దానికి పైసలు తీసుకున్న. కథ తీసుకోలే.

షట్టరు సగం దించి తొమ్మిదోది పెట్టిన.
ఎక్కింది, ఎక్కింది,
టుక్కు.

చీటీ ఇంక రికార్డరు చెవికే ఏలాడుతుంది.
ఫాదరు ఎప్పుడన్న వస్తె ఇచ్చేస్త, నలభై వద్దంట.
మంది తప్పులు ఇనుడు ఆయనకు అలవాటేనట.
అయినా ఆ అతుకు సంగతి
ఎట్ల మొదలువెట్టాల్నో
ఇంక తేల్చుకోలే.